చెంచాడు చేదు

మా చిన్నమనవడికి మందు పట్టాలంటే మా యింట్లో నలుగురు మనుషులు కావాలి. కాళ్లు పట్టుకోవడానికి వాళ్ల నాన్న, చేతులు పట్టుకోవడానికి మా వారు, చెంచా పట్టుకోవడానికి వాళ్ల అమ్మ. ముక్కు మూసే పనికి అనుభవం గల చెయ్యి కావాలని దాన్ని నాకు వదిలేశారు. రోజుకి మూడు పూటలు, అయిదు రోజులు. వెరసి పదిహేను యుద్ధాలు. వాడికి అయిదేళ్లు. రెండో రోజుకల్లా సీసామూత తిప్పిన చప్పుడు వినబడితే చాలు, మంచం కిందికి దూరిపోవడం నేర్చుకున్నాడు.

సీసా మీద స్ట్రాబెర్రీ పండు బొమ్మ ఉంది. వాసనా అలాగే ఉంది. "పండురసం రా నాన్నా, చేదేం కాదు" అన్నాను. వాడు మంచం కిందనించే, "మొదట పండు. తరవాత చేదు వస్తుంది. నువ్వు అబద్ధం చెప్తున్నావు అమ్మమ్మా" అన్నాడు.

నాకు రోషం వచ్చింది. వేలితో ఒక చుక్క తీసి నాలిక మీద వేసుకున్నాను. సుబ్బరంగా తియ్యగానే ఉంది. చివర్న ఏదో చిరుచేదు తగిలింది గాని, పొద్దున్నే నేను తాగే కాఫీ పాటి కూడా లేదు. "చూడు, నేను నాకాను. ఏదీ చేదు?" అన్నాను. వాడు తల బయటపెట్టి నా మొహంకేసి పరీక్షగా చూసి, "నీ నాలిక ముసలిదైపోయింది. దానికి తెలీదు" అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాని ఆ రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు. నాలిక ముసలిదన్నందుకు కాదు. ఆ మాట, చేదు కాదన్న ఆ మాట, నేను చెప్పడం అది మొదటిసారి కాదు గనక.

1957. నాకు ఏడేళ్లు, మా తమ్ముడికి అయిదు. మా నాన్నగారు నర్సీపట్నం దగ్గర ఒక పల్లెటూళ్లో మేష్టారు. ఇంటి వెనక నిలబడితే మన్యం కొండలు కనిపించేవి. ఆ కొండల పక్కనున్న ఊళ్లలో చలిజ్వరం రాని ఇల్లు ఉండేది కాదు. దేశమంతటా మలేరియా మీద 1953లో ప్రభుత్వం దండెత్తింది, ఇళ్లకి డి.డి.టి. కొట్టించింది. నిజమే. అయినా ఏడాదికొకసారి మా యింట్లో దుప్పట్లన్నీ ఒకే మంచం మీదికి చేరేవి.

ఆస్పత్రిలో ఇచ్చే కొయినా మిక్చరు సంగతి నా యీడువాళ్లకి చెప్పక్కర్లేదు. సీసా మనమే కడిగి పట్టుకెళ్లాలి. కాంపౌండరు మందు పోసి, మోతాదు మోతాదుకీ గాటు పెట్టి కత్తిరించిన కాగితం పట్టీ సీసా పక్కన అంటించి ఇచ్చేవాడు. ఇంకా ఎన్ని గాట్లు మిగిలాయా అని లెక్కపెట్టుకోవడమే మా జ్వరకాలపు లెక్కల పాఠం. మందు దిగాక గంటసేపు మంచినీళ్లు కూడా చేదుగా ఉండేవి. తరవాత క్లోరోక్విన్ బిళ్లలు వచ్చాయి. అమ్మయ్య అనుకున్నాం గాని, నాలికకి తగిలితే అవీ ఆ తానులో ముక్కలే.

నాన్నగారు పరగడుపున వేపచిగురు నమిలే మనిషి. మిక్చరు ఒక చుక్క నాలిక మీద వేసుకుని, "ఇంతేనా! దీనికా ఇంత రాద్ధాంతం!" అనేవారు. ఆయనకీ జ్వరం వచ్చేది. ఆయన బిళ్ల నోట్లో వేసుకుని, చెంబెత్తి గుటుక్కున మింగి, మాకేసి చూసేవారు. నాలికకి తగలకుండా గొంతు దిగిన బిళ్లకి చేదేమిటి, తీపేమిటి? ఆ ఆలోచన ఆయనకీ రాలేదు, మాకూ రాలేదు. మా తమ్ముడికి బిళ్ల మింగడం చాతకాదు. అయిదేళ్లవాడికి ఎలా చాతనవుతుంది? అమ్మ ఆ బిళ్లని నూరి తేనెలో రంగరించింది. అది మరీ ఘోరమైంది. బిళ్లలో దాక్కున్న చేదంతా పొడై నోరంతా పరుచుకుంది. ఈనాటికీ మా తమ్ముడు తేనె ముట్టడు.

అప్పుడు పెద్దవాళ్లకి ఒక ఉపాయం తోచింది. వాడికి అక్కయ్య ఏం చేస్తే అదే వేదం. నాకూ జ్వరమే గనక ముందు నేను మందు వేసుకుని, "తియ్యగా ఉందిరా, పటికబెల్లంలా ఉంది" అని చెప్పాలి. చెప్తే నాకు నిజంగానే పటికబెల్లం ముక్క ఇస్తామన్నారు. నేను చెప్పాను. కళ్లలో నీళ్లు తిరుగుతూ ఉంటే నవ్వుతూ చెప్పాను. వాడు నా మొహంకేసి చూసి నోరు తెరిచాడు. తరవాత వాడి మొహం ఎలా మారిందో, పటికబెల్లం బుగ్గన పెట్టుకుని నేను చూస్తూ నుంచున్నాను.

మర్నాటినించి వాడు మారాం చెయ్యలేదు. "నూరొద్దు, నేనే మింగుతాను" అని అరబిళ్ల తీసుకుని, నీళ్లు తాగి, బుద్ధిగా అవతలికి వెళ్లిపోయేవాడు. అక్క మాట పనిచేసిందని అందరూ నన్ను మెచ్చుకున్నారు. పదిరోజుల్లో జ్వరం తిరగబెట్టింది. ఒక రాత్రి ఫిట్లు కూడా వచ్చాయి. నాన్నగారు బండి కట్టించి వాణ్ణి పట్నం ఆస్పత్రికి తీసుకుపోయారు. ఇక్కడ ఇల్లు దులుపుతూ ఉంటే గోడ గూట్లో, దీపం వెనకాల, నాలుగు అరబిళ్లలు బయటపడ్డాయి. చీమ కూడా ముట్టలేదు వాటిని.

వాడు బతికి ఇంటికొచ్చాడు. వచ్చిన రెండో రోజున నాన్నగారు ఆ బిళ్లలు అరచేతిలో పెట్టుకుని వాడి ముందు నిలబడి, చెంప ఛెళ్లుమనిపించారు. అది కోపం కాదనీ, ఆ రాత్రి బండిలో పడ్డ భయమనీ ఇప్పుడు తెలుస్తుంది. వాడు ఏడవలేదు. నాన్నగారికేసి చూడలేదు. నాకేసి చూశాడు.

ఆ తమ్ముడి కూతురే ఇప్పుడు విశాఖపట్నంలో పిల్లల డాక్టరు. మా మనవడి మంచం కింద కాపురం గురించి ఫోనులో చెప్తే, ఆదివారంనాడు తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. వస్తూనే నా ఉద్యోగం ఊడగొట్టింది. "ముక్కు మూస్తున్నావా అత్తయ్యా! ఏడిచే పిల్లాడికి అలా పోస్తే పొరబోయి మందు ఊపిరితిత్తుల్లోకి వెళ్లదూ?" అని గట్టిగా చివాట్లు పెట్టింది. తరవాత కాఫీ తాగుతూ, వాడన్న మాట నేను చెప్తే నవ్వలేదు. "వాడన్నది నిజమే" అంది.

అది చెప్పిన సంగతులు విన్నాక, ఇన్నాళ్లూ నేను పిల్లల్ని పెంచింది కళ్లు మూసుకునేనా అనిపించింది. చేదు అనేది నాలిక వాకిట్లో కాపలావాడట. చెట్లూ చేమలూ తమని ఎవరూ తినెయ్యకుండా చేసుకునే విషాల్లో చాలామట్టుకి చేదుగా ఉంటాయి. విషముష్టి గింజలోని విషం చేదు, పొగాకులోది చేదు. కొయినా కూడా చెట్టు బెరడులోదే గదా. అంచేత నాలిక మీద తీపిని పసిగట్టేందుకు ముఖ్యంగా ఒకే ఒక్క ఏర్పాటు ఉంటే, చేదు కోసం ఇరవై అయిదు రకాల దాకా ఉన్నాయట. 1970లలో స్టైనర్ అనే ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞుడు ఇంకా తల్లిపాలు కూడా తాగని పసికందుల నాలిక మీద ఒక్కొక్క రుచీ చుక్క వేసి చూశాడు. తీపికి మొహం విచ్చుకుంది. చేదుకి మూతి వంకరపోయి నోరు తెరుచుకుంది. ఎవరు నేర్పారు వాళ్లకి?

ఆ మాటకొస్తే మన ఆడవాళ్లకి ఇది తెలియని సంగతి కాదు. చంటిపిల్లల చేత పాలు మాన్పించడానికి రొమ్ముకి వేపాకు ముద్ద రాసుకోవడం మనం ఎరగమా! మనకి కావలసినప్పుడు చేదు చూసి పిల్లాడు బెదరాలి. మనకి అక్కర్లేనప్పుడు అదే చేదు చూసి బెదిరితే మొండివాడు.

ఇక పిల్లల నాలిక సంగతి. అమెరికాలో ఫిలడెల్ఫియాలో మోనెల్ అని, రుచీ వాసనా తప్ప మరో పని పెట్టుకోని పరిశోధనాలయం ఒకటుంది. అక్కడ జూలీ మెనెల్లా అనే ఆవిడా ఆవిడ సహచరులూ తల్లుల్నీ, అయిదునించి పదేళ్ల లోపు వాళ్ల పిల్లల్నీ కూచోబెట్టి ఒక చేదు పదార్థం రుచి చూపించి, 2005లో ఆ సంగతులు ప్రకటించారు. ఆ పదార్థపు చేదు తెలియడానికీ తెలియకపోవడానికీ కారణమైన జన్యువు ఒకటుంది. ఆ జన్యువు ఒకే మాదిరిగా ఉన్నా, కొందరిలో తల్లికి తెలియనంత పల్చటి చేదుని పిల్ల పసిగట్టింది. అంటే పుట్టుకతో అదే నాలికయినా, వయస్సుతో మొద్దుబారుతుందన్నమాట. ప్రతి మందుకీ ప్రతి పిల్లాడికీ ఇదే లెక్క అనుకోకూడదని మా కోడలు హెచ్చరించింది. (మేనకోడల్ని కోడలు అనడం మాకు అలవాటు.)

ఆ పరిశోధనలోనే ఇంకొక సంగతి తేలిందట. అది విన్నాక నేను కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. చేదు తెలిసే జన్యువు పిల్లకి ఉండి తల్లికి లేకపోతే, అలాంటి తల్లులు తమ పిల్లల్ని గురించి, వీళ్లు ఊరికే ఉద్రేకపడిపోతారని ఎక్కువగా చెప్పారట. పిల్ల నోట్లో ఏముందో తల్లికి తెలియదు. తెలియనిదానికి ఒక పేరు పెట్టాలి గదా. మొండి, గారం, పెంకి. మనకి మాటలకేం తక్కువ?

మా కోడలు తన సంచిలోంచి కాలేజీ ప్రయోగశాలల్లో వాడే కాగితం ముక్కలు తీసింది. వాటి వెనకా ఒక కథ ఉంది. 1931లో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు పి.టి.సి. అనే పొడి సీసాలో పోస్తూ ఉంటే కాస్త గాలికి లేచింది. పక్కనున్న ఆయన "అబ్బ, ఎంత చేదు!" అన్నాడు. ఫాక్స్ "నాకేం తెలియడం లేదే" అన్నాడు. ఇద్దరూ వాదించుకుని, చివరికి నాలిక మీద వేసుకు చూసుకున్నారు. ఇద్దరి మాటా నిజమే. ఒకే పొడి ఒకరికి చేదు, ఇంకొకరికి మట్టి. ఆ గుణం తల్లిదండ్రులనించి వస్తుందని తరవాత తేలింది.

కాగితాలు పెద్దవాళ్లమే పెట్టుకున్నాం. మా వారు కొంచెం మొహం చిట్లించారు. నాకు ఉత్త కాగితం నమిలినట్టుంది. మా తమ్ముడు మాత్రం నాలిక మీద పెట్టుకున్నవాడు పెట్టుకున్నట్టే లేచి, పెరట్లోకి పరుగెత్తి ఉమ్మేసి, "కొయినా!" అన్నాడు. డెబ్బై మూడేళ్లవాడు, మొహం అచ్చంగా ఆనాటి మొహం.

నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే నాకు చేదు తెలియదన్నమాట! ఆ రోజున నేను చెప్పింది అబద్ధం కాదన్నమాట!" అన్నాను. మా కోడలు తల అడ్డంగా ఊపింది. ఈ కాగితం చేదు వేరట, కొయినా చేదు వేరట. ఇది తెలియనివాళ్లకి అది నిక్షేపంగా తెలుస్తుందట. నేను వాదించలేదు. వాదించడానికి ఏముంది? ఆ సాయంత్రం నా కళ్లలో నీళ్లు ఎందుకు తిరిగాయో నాకు తెలియదా!

మందులు చేసేవాళ్లు మాత్రం ఈ చేదుతో చాలాకాలంగా కుస్తీపడుతున్నారు. అసలు కీలకమేమిటంటే, ఉమ్మిలో కరిగితేనే చేదు తెలుస్తుంది. కరగనిదానికి రుచి లేదు. ఆ సూత్రం పట్టుకునే కొయినాని కొద్దిగా మార్చి, చేదు లేని యూక్వినైన్ అనేదాన్ని పిల్లలకోసం చేశారు. టైఫాయిడుకి ఇచ్చే క్లోరామ్‌ఫెనికాల్ చేదు విషం. దానికి పామిటిక్ ఆమ్లాన్ని జోడించేసరికి నోట్లో కరగదు, పేగుల్లోకి వెళ్లాక విడిపోయి తన పని తను చేస్తుంది. మలేరియాకయితే 2009లో నీళ్లలో వేస్తే కరిగే, చెర్రీపండు రుచి గల పిల్లల బిళ్ల వచ్చింది. మా తమ్ముడికి అర్ధశతాబ్దం ఆలస్యంగా వచ్చిందనుకోండి. అలాగని మరీ మిఠాయిలా చేసినా ముప్పే. సీసాడూ తాగేస్తారు. అందుకే తాగకూడని వాటిలో కలపడానికి మహాచేదైన డినాటోనియం అనే పదార్థం ఉంది, 1958లో స్కాట్లండులో కనిపెట్టారు.

ఉప్పు తగిలితే చేదు అణుగుతుందనీ, తీపి కూడా అణుస్తుందనీ అది చెప్తూ ఉంటే మాత్రం నేను కొంచెం గర్వపడ్డాను. కాకరకాయ ముక్కలకి ఉప్పు రాసి పిండడం, పులుసులో బెల్లం వెయ్యడం మాకు ఏ పరిశోధనాలయం చెప్పింది? ఉగాదినాడు వేపపువ్వు అంత నవ్వుతూ తింటున్నామంటే చింతపండూ బెల్లమూ ఉప్పూ పక్కన ఉండబట్టి గాని మన వైరాగ్యం వల్ల కాదు. అన్నట్టు, నాలిక కొసన తీపి, వెనక చేదు అని బళ్లో బొమ్మ వేయించేవారు, జ్ఞాపకముందా? అది తప్పట. 1901లో ఒక జర్మన్ రాసిన దాన్ని తరవాతివాళ్లు తప్పుగా అర్థం చేసుకుని బొమ్మ కట్టేశారు. నాలిక మీద అన్నిచోట్లా అన్ని రుచులూ తెలుస్తాయి. ఆ బొమ్మ నమ్మి మా అల్లుడు మూడు పూటలు మందు నాలిక కొసనే పోశాడు పాపం.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా తమ్ముడు నాన్నగారి మాట ఎత్తాడు. 2006లో ఆయనకి పక్షవాతం వచ్చింది. ఎనభయ్యారేళ్లు. మింగడం కష్టమైపోయింది. ఏ బిళ్ల నూరవచ్చో ఏది నూరకూడదో డాక్టరుగారిని అడిగి, నూరదగ్గవి నూరి అరటిపండు గుజ్జులో పెట్టేవాళ్లం. జన్మంతా గుటుక్కున మింగిన మనిషికి బిళ్ల రుచి అప్పుడు తెలిసింది. ఒక రోజు తమ్ముడు చెంచా నోటికందిస్తే మొహం తిప్పుకున్నారు. మళ్లీ అందిస్తే చేత్తో తోసేశారు. "చేదు" అన్నారు, మాట సరిగా రాకపోయినా అది స్పష్టంగానే అన్నారు. మా తమ్ముడు నవ్వుతూ, "ఇంతేనా నాన్నగారూ! దీనికా ఇంత రాద్ధాంతం!" అన్నాడు.

ఆయన వాడికేసి చాలాసేపు చూశారు. తరవాత బాగా ఉన్న ఎడం చెయ్యి ఎత్తి, వాడి చెంప మీద పెట్టి, అలాగే ఉంచేశారు. అప్పుడు నేను గుమ్మంలో నుంచుని ఉన్నాను.

"నాన్నగారి సంగతి ఆనాడే చెల్లిపోయింది. నీ బాకీయే ఉంది అక్కయ్యా" అన్నాడు మా తమ్ముడు, వక్కపలుకు నోట్లో వేసుకుంటూ. నవ్వుతూనే అన్నాడనుకోండి. వాడు నవ్వుతూ అన్నవే నాకు ఎక్కువ గుచ్చుకుంటాయి.

సాయంత్రం మందు వేళయింది. మా కోడలు చెప్పిన ఏర్పాట్లన్నీ చేశాం. సూది లేని చిన్న సిరంజిలోకి మోతాదు తీశాం. బుగ్గ లోపలివైపునించి కొద్దికొద్దిగా వదలాలట. ముందు ఒక మంచు ముక్క చప్పరిస్తే నాలిక కాస్త మొద్దుబారుతుందట. గ్లాసెడు పాలల్లో మందు కలిపితే, పాలు మిగిలినంత మందూ మిగిలిపోతుంది గనక ఆ పని వద్దంది. కాళ్లవాళ్లనీ చేతులవాళ్లనీ బయటికి పంపేసి నేనొక్కదాన్నే మంచం పక్కన చతికిలపడ్డాను. మోకాళ్లు కలుక్కుమన్నాయి.

"చేదుగానే ఉంటుంది రా. నా నాలిక ముసలిది గనక నాకు తెలియలేదు. నీకు చాలా చేదుగా ఉంటుంది" అన్నాను.

మంచం కింద కొంతసేపు చప్పుడు లేదు. తరవాత, "ఎన్ని గుటకలు?" అన్నాడు.

"రెండు."

"తరవాత?"

"పటికబెల్లం."

బయటికొచ్చాడు. మంచు ముక్క చప్పరించాడు. సిరంజి తనే పట్టుకుంటానన్నాడు, పట్టుకోనిచ్చాను. కళ్లు గట్టిగా మూసుకుని, మొదటి గుటక, రెండో గుటక. ఇంకా కొంచెం మిగిలింది. అదీ మింగేశాడు. మొహమంతా నలిగి మళ్లీ విప్పుకుంది. కళ్లు తెరిచి, రొప్పుతూ, మూడు వేళ్లు నా ముక్కు ముందు పెట్టాడు.

"రెండన్నావు. మూడయ్యాయి."

తప్పయిందన్నాను. పటికబెల్లం ఇంకో ముక్క జరిమానాగా చెల్లించాను. గుమ్మంలో నుంచున్న మా తమ్ముడు, "నాకో ముక్క రావాలి అక్కయ్యా, వడ్డీతో" అని చెయ్యి చాపాడు.